64వ నిమిషంలో డి మారియాని ఎందుకు తీసేశారు?

బెంజ్‌సర్కిల్ బాబ్జీ
2022 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్లో నిన్న రాత్రి ఫ్రాన్స్‌ని పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి మన ఆర్జెంటీనాకి కప్పు వచ్చింది, సంతోషమే. మా మేడ మీద పాతిక మందిమి దుప్పట్లు కప్పుకుని కూర్చుని చూశాం, పదకొండు దాటాక ఆ చివరి పెనాల్టీ లోపలికి వెళ్లగానే కింద వాచ్‌మన్ కూడా పైకి పరిగెత్తుకొచ్చాడు. కానీ పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒకటే మనసులో తొలుస్తోంది. 64వ నిమిషంలో డి మారియాని ఎందుకు తీసేశాడు మన కోచ్ స్కలోనీ? అప్పటిదాకా ఫ్రాన్స్ గోల్ వైపు కొట్టిన పాపాన పోలేదు. మొదటి సగంలో ఒక్క షాట్ కూడా లేదు వాళ్లకి. పెనాల్టీ తెచ్చింది ఆయన, రెండో గోల్ కొట్టింది ఆయన. ఆయన్ని కూర్చోబెట్టి లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ పక్క డిఫెండర్, అకూన్యాని దింపాడు. పావుగంటకి 2-0 కాస్తా 2-2 అయింది. గోల్‌కీపర్ ఎమి మార్టినెజ్ కాలు అడ్డం పడకపోతే ఈరోజు మనం స్కలోనీని ఏమనేవాళ్లం? టీవీలో, పేపర్లో అందరూ మెస్సీ, ఎంబాపే అంటున్నారు. ఈ మాట ఎవరూ అడగడం లేదు.

బ్రాడీపేట 4వ లైను
నేనూ అదే అన్నాను నిన్న. తీసేయగానే మా బాబాయ్ "అయిపోయింది, ఇక వీళ్లు వెనక్కి పోతారు" అన్నాడు. అన్నట్టే అయింది.

వన్‌టౌన్ ఫ్రాన్స్
ఓడినవాడిని నేను, ముందు నేను ఏడవాలి కదా. మా వాళ్ల గురించి ఒక్క మాట చెప్పుకోనివ్వండి. సెమీఫైనల్‌కి ఉపమెకానో, రాబియో ఇద్దరూ జ్వరంతో ఆడలేదు. క్యాంపులో వైరస్ తిరుగుతూనే ఉంది. మొదటి గంట కాళ్లు కదల్లేదు వాళ్లకి. డి మారియా గొప్పగా ఆడాడు, కాదనను. కానీ ఎదురుగా ఉన్నది మా అసలు జట్టు కాదు.

రైల్వే కాలనీ స్టాపర్
జ్వరం అంటే ఒప్పుకోను. అదే జట్టు 80 తర్వాత గుర్రాల్లా పరిగెత్తింది కదా.

వన్‌టౌన్ ఫ్రాన్స్
పరిగెత్తింది కొత్తగా దిగినవాళ్లు అన్నా. తురామ్, కోలో మువానీ, కోమన్, కమవింగా. నలుగురూ బెంచీ మీంచి వచ్చినవాళ్లే.

లెఫ్ట్‌వింగ్ పిల్ల
నేను యూనివర్సిటీ టీంలో లెఫ్ట్ వింగ్, అంటే ముందు లైనులో ఎడమ పక్క, ఆడతాను కాబట్టి మ్యాచ్ అంతా డి మారియానే చూశాను. పొద్దున మళ్లీ ఆ పెనాల్టీ ముక్క పదిసార్లు వేసుకుని చూశాను. లైను పక్కన బంతి అందుకున్నాడు. ఎదురుగా డెంబేలే. డెంబేలే ఫార్వర్డ్, డిఫెన్స్ చేయడం అతని పని కాదు. డి మారియా బయటికి పోతున్నట్టు ఒక అడుగు వేశాడు, భుజం అటు వంచాడు. డెంబేలే బరువంతా అటు పడింది. అప్పుడు లోపలికి తిరిగాడు. ఇక డెంబేలే వెనకపడిపోయాడు, బాక్సులో వెనకనుంచి కాలు తగిలింది. పెద్ద ఫౌల్ కాదు, నిజమే. కానీ వెనకనుంచి వెంటపడుతున్నవాడు ఎప్పుడూ రిఫరీ కంట్లో దోషే.

అసలు గమనించాల్సింది ఇంకొకటి. ఆయన ఎక్కువగా ఆడేది కుడి పక్క. ఫైనల్లో ఎడమకి వేశారు. అటు ఫ్రాన్స్ రైట్ బ్యాక్ కూండే, అతను నిజానికి స్టాపర్, అంటే మధ్యలో కాచే డిఫెండర్. ముందున్న డెంబేలే వెనక్కి వచ్చి సాయం చేయడు. ఆ సందు స్కలోనీ ముందే చూసి పెట్టాడు. టోర్నమెంట్ మొత్తంలో ఇంత మంచి ఆలోచన నాకు కనపడలేదు.

బెంజ్‌సర్కిల్ బాబ్జీ
అదే చెల్లీ నేననేది. అంత మంచి ఆలోచన చేసినవాడే దాన్ని తన చేత్తో ఎందుకు చెరిపేశాడు?

డ్రిల్ మాస్టారు
నేను ముప్పై ఏళ్లు పిల్లల చేత ఫుట్‌బాల్ ఆడించాను, రిటైరై గుంటూరులో ఉంటున్నాను. బాబ్జీ, నీ బాధ అర్థమైంది, కానీ ఒకటి మర్చిపోతున్నావు. డి మారియాకి 34 ఏళ్లు. తొడ కండరం పట్టేసి ఆస్ట్రేలియా మ్యాచ్ ఆడలేదు. నెదర్లాండ్స్ మీద ఎక్స్‌ట్రా టైం ఆఖర్లో కాసేపు దిగాడు. క్రొయేషియా మీద సెమీఫైనల్లో అసలు దిగలేదు. అలాంటి మనిషిని నేరుగా ఫైనల్లో మొదటి నిమిషం నుంచి ఆడించడమే పెద్ద సాహసం. గంట పైన లాగాడు. ఆ గంటలో పరిగెత్తిన పరుగు చూశావా? 60 దాటాక రెండుసార్లు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. నేను అక్కడ ఉన్నా తీసేసేవాడినే. ఆ కండరం మళ్లీ పట్టేస్తే పది మందితో ఆడాలి.

బ్రాడీపేట 4వ లైను
మాస్టారూ, తీయడం సరే, ఆయన బదులు ఎవరిని దింపాలన్నదే కదా గొడవ. లౌతారో బెంచీ మీద ఉన్నాడు, డిబాలా ఉన్నాడు, ఇద్దరూ ఫార్వర్డ్‌లే. లెఫ్ట్ బ్యాక్‌ని దింపడమేంటి?

డ్రిల్ మాస్టారు
అకూన్యా లెఫ్ట్ బ్యాకే, కానీ ముందు లైనులో కూడా ఆడగలడు. అప్పటికే లెఫ్ట్ బ్యాక్ ఆడుతున్న టాగ్లియాఫికో ముందు నిలబెట్టాడు. జట్టు ఆకారం మారలేదు. కాగితం మీద తప్పు లేదు.

లెఫ్ట్‌వింగ్ పిల్ల
కాగితం మీద ఆకారం మారలేదు మాస్టారూ, కానీ కూండే భయం పోయింది. డి మారియా ఉన్నంతసేపు కూండే హాఫ్‌లైను దాటలేదు. వింగర్ లైను పక్కన ఊరికే నిలబడినా చాలు, ఎదుటి బ్యాక్ కాళ్లకి సంకెళ్లు పడతాయి. అది నాకు సొంతంగా తెలుసు. మొన్న ఒక ఫైనల్లో 2-0 మీద ఉండగా నన్ను తీసేసి ఒక డిఫెండర్‌ని దింపారు. పది నిమిషాల్లో అటు పక్క బ్యాక్ వచ్చి మా బాక్సులో క్రాసులు వేయడం మొదలుపెట్టింది. ఓడిపోయాం. ఏడ్చుకుంటూ బస్సెక్కాను. నిన్న బోర్డు మీద డి మారియా నంబరు 11 చూడగానే ఒంట్లో అదే వణుకు వచ్చింది.

కృష్ణలంక కీపర్
చెల్లీ చెప్పిన భయం మాట నిజం. గోల్‌లో నిలబడేవాడికి ఇంకోటి కూడా తెలుస్తుంది. బంతి ముందుకి కొడితే అక్కడ పట్టి నిలబెట్టేవాడు ఒకడుండాలి. లేకపోతే ఐదు సెకన్లకే బంతి మళ్లీ నా మీదకి వస్తుంది. డి మారియా వెళ్లాక ఆర్జెంటీనాకి అలా పట్టేవాడు లేడు. ఫార్వర్డ్ అల్వరెజ్ అప్పటికే అలిసిపోయాడు, మెస్సీ వెనక్కి వచ్చి ఆడుతున్నాడు.

వన్‌టౌన్ ఫ్రాన్స్
మా కోచ్ డెషాంప్‌కి మార్కులు వేయరా ఎవరూ? 41వ నిమిషంలో, ఇంకా సగం కూడా అవకముందే, జిరూని, డెంబేలేని ఇద్దర్నీ తీసేశాడు. జిరూ అంటే మామూలోడా? ఇదే టోర్నమెంట్‌లో ఫ్రాన్స్ తరఫున ఎక్కువ గోల్స్ కొట్టిన ఆన్రీ రికార్డు దాటాడు. అలాంటివాడిని ఫైనల్లో సగం కాకుండా బయట కూర్చోబెట్టాలంటే గుండె ఉండాలి. ఎంబాపేని మధ్యలోకి తెచ్చాడు, ఎడమ పక్కకి తురామ్, కుడి పక్కకి కోలో మువానీ. 71లో గ్రీజ్మన్‌ని కూడా తీశాడు. అందరూ తిట్టారు. పది నిమిషాల్లో రెండు గోల్స్.

రైల్వే కాలనీ స్టాపర్
తన తప్పు తనే దిద్దుకున్నాడు, అంతే. డెంబేలేని అటు వేయడమే మొదటి తప్పు.

వన్‌టౌన్ ఫ్రాన్స్
దిద్దుకోవడానికి కూడా దమ్ము కావాలి అన్నా. చాలామంది కోచ్‌లు ఇంటర్వెల్ దాకా ఆగి, డ్రెస్సింగ్ రూంలో నాలుగు కేకలేసి, మళ్లీ అదే జట్టుని పంపిస్తారు.

రైల్వే కాలనీ స్టాపర్
ఆ మాట ఒప్పుకుంటాను.

మొదటి సగంలో ఎంబాపేకి ఎందుకు బంతి అందలేదో చూశారా ఎవరైనా? అతన్ని కాచింది ఆర్జెంటీనా రైట్ బ్యాక్ మొలినా ఒక్కడే కాదు. మిడ్‌ఫీల్డర్ డి పాల్ ప్రతిసారీ వెనక్కి వచ్చి మొలినా ముందు నిలబడ్డాడు, వెనక స్టాపర్ రొమేరో కాచుకున్నాడు. ఎంబాపే ఎటు తిరిగినా ఇద్దరు. డి పాల్ పని పేపర్లో రాదు. నా లెక్కలో అతనికి పదికి 9. కానీ ఎంబాపే మధ్యలోకి రాగానే ఆ కాపలా మొత్తం వృథా అయింది. డి పాల్ ఎవరికి కాపలా కాయాలి? తురామ్‌కి. అసలువాడు ఆర్జెంటీనా స్టాపర్లు ఒటమెండి, రొమేరో మధ్య తిరుగుతున్నాడు.

ఇక ఆ మొదటి పెనాల్టీ. స్టాపర్‌గా చెబుతున్నాను, ఒటమెండి చేసిన తప్పు మా కాలనీ గ్రౌండులో చేస్తే కూడా తిట్లు తింటాం. పొడుగు బంతి వస్తోంది, కోలో మువానీ కొత్త కాళ్లతో పరిగెత్తుతున్నాడు. అలాంటప్పుడు ముందు ఒంటిని అడ్డం పెట్టాలి, బంతి తర్వాత. ఈయన బంతి కోసం చూస్తూ నిలబడ్డాడు. కుర్రాడు లోపలి పక్కకి దూరాడు. ఇక పట్టుకుని లాగడం తప్ప దారి లేదు. అంతకుముందు 78 నిమిషాలు అదే ఒటమెండి అద్భుతంగా ఆడాడు. స్టాపర్ బతుకింతే, ఒక్క అడుగు ఆలస్యమైతే మ్యాచ్ మొత్తం మన నెత్తినే.

బెంజ్‌సర్కిల్ బాబ్జీ
రెండో గోల్ సంగతి? అదీ ఒటమెండి మీదే వేస్తారా? కోమన్ మెస్సీ కాళ్ల దగ్గర బంతి లాక్కున్నాడు. రాబియో పైనుంచి వేశాడు, ఎంబాపే తలతో తురామ్‌కి ఇచ్చి, మళ్లీ తీసుకుని గాల్లోనే కొట్టాడు. మొదటి గోల్ తర్వాత రెండు నిమిషాలు కూడా కాలేదు.

బ్రాడీపేట 4వ లైను
ఆ షాట్‌కి ఏ కీపరైనా ఏం చేస్తాడు. నేల మీద జారుతూ కొట్టాడు.

కృష్ణలంక కీపర్
ఎమికి చెయ్యి తగిలింది 80లో పెనాల్టీకి. ఇంకొంచెం గట్టిగా తగిలి ఉంటే ఈ చర్చే లేదు.

డ్రిల్ మాస్టారు
అందరూ ఒక్క నిమిషం ఆగండి. ఈ టోర్నమెంట్‌లో ఆర్జెంటీనా 2-0 మీద ఉన్న నాకౌట్ మ్యాచ్‌లు గుర్తు చేసుకోండి. ఆస్ట్రేలియా మీద 2-0. వెనక్కి జరిగారు. 2-1 అయింది, ఆఖరి నిమిషంలో ఎమి కాపాడాడు. నెదర్లాండ్స్ మీద 2-0. మళ్లీ వెనక్కి జరిగారు. పొడుగాటి వెహోర్స్ట్ దిగి 83లో ఒకటి, ఇంజురీ టైం పదకొండో నిమిషంలో ఇంకొకటి. 2-2. నిన్న మళ్లీ 2-0, మళ్లీ 2-2. మూడుసార్లు అదే జరిగింది. మొదటి రెండిట్లో డి మారియా పేరు ఎక్కడుంది? ఒకదాంట్లో ఆడనే లేదు, రెండోదాంట్లో స్కోరు సమమయ్యాక దిగాడు.

కాబట్టి జబ్బు డి మారియాని తీయడం కాదు. రెండు గోల్స్ రాగానే పదిహేను గజాలు వెనక్కి జరగడం. ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ మూసి ఎంతసేపు ఆపుతావు? పైనుంచి నీళ్లు వస్తూనే ఉంటాయి. ఎక్కడో ఒక గేటు ఎత్తి కిందికి వదలాలి. క్రొయేషియా మీద ఎందుకు ఇబ్బంది పడలేదు? 69లో మూడోది కొట్టారు. మెస్సీ ఆ కుర్రాడు గ్వార్డియోల్‌ని తిప్పి తిప్పి లైను దాకా తీసుకెళ్లి అల్వరెజ్‌కి ఇచ్చాడు. మూడో గోల్ కొట్టిన మ్యాచ్ ఒక్కటే ప్రశాంతంగా అయింది.

లెఫ్ట్‌వింగ్ పిల్ల
ఇది నేను గమనించలేదు మాస్టారూ. కానీ మీరు చెప్పిందాన్ని బట్టి నా మాటే బలపడుతోంది కదా. మూడో గోల్ కావాలంటే కౌంటర్‌లో, అంటే ఎదురుదాడిలో, పరిగెత్తేవాడు ఉండాలి. రెండో గోల్ ఎలా వచ్చింది? సొంత సగంలో మొదలైంది. మెస్సీ అల్వరెజ్‌కి, అల్వరెజ్ ముందుకి మెక్‌అలిస్టర్‌కి, మెక్‌అలిస్టర్ కొట్టగలిగీ కొట్టకుండా ఎడమ పక్కకి. అక్కడ డి మారియా. ఎవరూ మూడు టచ్‌లు తీసుకోలేదు. వరల్డ్ కప్ ఫైనల్లో ఇంత అందమైన గోల్ నేను చూడలేదు. కొట్టాక ఆయన ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. 2014 ఫైనల్ దెబ్బ తగిలి ఆడలేకపోయాడు పాపం.

బ్రాడీపేట 4వ లైను
పెద్ద ఫైనల్ అంటే ఆయనకి పండగే. 2008 ఒలింపిక్స్ ఫైనల్ గోల్ ఆయనదే, 2021 కోపా అమెరికా ఫైనల్ బ్రెజిల్ మీద ఆయనదే, మొన్న ఇటలీ మీద వెంబ్లీలో కూడా కొట్టాడు. నిన్న నాలుగోది.

మెక్‌అలిస్టర్‌ని ఎవరూ మెచ్చుకోవడం లేదు. నా లెక్కలో నిన్న మ్యాచ్‌లో రెండో మంచి ఆటగాడు అతనే. మిడ్‌ఫీల్డర్ ఎంజోకి 8, ఎందుకంటే గ్రీజ్మన్‌ని బంతి అందకుండా కట్టేశాడు. టోర్నమెంట్ మొత్తం ఫ్రాన్స్‌కి బుర్ర గ్రీజ్మన్. నిన్న ఆయన కనపడలేదు.

వన్‌టౌన్ ఫ్రాన్స్
గ్రీజ్మన్ విషయంలో నా గుండె పగిలింది. నిజం.

ఎంబాపేకి ఎంత వేస్తారు మరి? ఫైనల్లో హ్యాట్రిక్. 1966లో ఇంగ్లండ్ ఆటగాడు హర్స్ట్ తర్వాత మగవాళ్ల ఫైనల్లో ఇంకెవరూ కొట్టలేదు. ఎనిమిది గోల్స్‌తో గోల్డెన్ బూట్. షూటౌట్‌లో మొదటి పెనాల్టీ కూడా అతనే కొట్టాడు. నాలుగుసార్లు ఎమిని ఓడించాడు ఒక్క రాత్రిలో. అయినా ఓడిపోయి కప్పు పక్కనుంచి తల దించుకుని వెళ్లాడు.

రైల్వే కాలనీ స్టాపర్
80 నిమిషాల దాకా 4. ఆ తర్వాత 10. ఏం వేయమంటావు, 9 వేసుకో తమ్ముడూ.

డ్రిల్ మాస్టారు
10 వెయ్యి. పెనాల్టీలో మూడుసార్లు అదే కీపర్ ఎదుట నిలబడి తడబడకుండా కొట్టడం నా ముప్పై ఏళ్లలో ఏ పిల్లాడికీ నేర్పలేకపోయాను. 23 ఏళ్ల కుర్రాడు వాడు.

కృష్ణలంక కీపర్
నాకు ఎమి గురించి రాయాలని పొద్దున్నించీ ఉంది, డ్యూటీలో కుదరలేదు. అందరూ "కాలు అడ్డం పెట్టాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. 123వ నిమిషం. వెనకనుంచి పొడుగు బంతి, డిఫెన్స్ మొత్తం దాటి కోలో మువానీ ముందు పడింది. బంతి నేలకి తగిలి లేస్తోంది. అలాంటప్పుడు మామూలు కీపర్ పడిపోతాడు, పక్కకి దూకుతాడు. దూకితే కింద సందు తెరుచుకుంటుంది. ఎమి దూకలేదు. ముందుకి వచ్చి, కొట్టేవాడి కాలు ఊగే క్షణానికి ఆగిపోయాడు. రెండు చేతులూ పక్కలకి చాచి, ఎడమ కాలు బయటికి విసిరి, ఛాతీ నిటారుగా. అంటే కొట్టేవాడికి గోల్ కనపడదు, ఒక గోడ కనపడుతుంది. ఆగడమే అందులో గొప్ప. ఇంకో అడుగు వేసి ఉంటే కదులుతున్న కాలు సమయానికి లేవదు. నేను ఎన్నిసార్లు ఆ ఒక్క అడుగు ఎక్కువ వేసి గోల్స్ ఇచ్చానో. వెంటనే అటు పక్క లౌతారో హెడర్ బయటికి కొట్టాడు, దాంతో ఇది మరుగున పడింది. నా వరకు కప్పు తెచ్చిన క్షణం అదే.

లెఫ్ట్‌వింగ్ పిల్ల
కీపర్ అన్నా, ఇది చదువుతుంటే మళ్లీ చూసినట్టుంది.

బ్రాడీపేట 4వ లైను
లౌతారో పేరెత్తకండి. ఎక్స్‌ట్రా టైంలో దిగి ఎన్ని వదిలాడు. ఒకటి ఉపమెకానో అడ్డం పడి ఆపాడు, అది గొప్ప బ్లాక్ అనుకోండి.

రైల్వే కాలనీ స్టాపర్
వదిలాడు సరే, మెస్సీ రెండో గోల్ ఎక్కడిది? 108లో లౌతారో కొడితే ఫ్రాన్స్ కీపర్ లోరిస్ ఆపాడు, ఆ బంతే మెస్సీ కాళ్ల దగ్గర పడింది. కూండే లైను లోపలనుంచి తన్నాడు. 64లో అల్వరెజ్‌నో డి మారియానో తీసి లౌతారోని దింపి ఉంటే ఫ్రాన్స్ స్టాపర్లు అంత ముందుకి వచ్చేవాళ్లు కాదు.

డ్రిల్ మాస్టారు
లౌతారో టోర్నమెంట్ మొత్తం ఫామ్‌లో లేడు. ఆధారపడలేని మనిషిని 2-0 మీద దింపడం కష్టం.

బెంజ్‌సర్కిల్ బాబ్జీ
భోజనం చేసి 64 నుంచి 81 వరకు మళ్లీ వేసి చూశాను. ఒక కాగితం మీద రాసుకుంటూ చూశాను. నేను మొదట రాసింది కొంచెం మార్చుకోవాలి. 64 నుంచి 71 వరకు ఫ్రాన్స్ పెద్దగా ఏమీ చేయలేదు. నేను అనుకున్నట్టు ఆయన వెళ్లిన మరుక్షణం గేట్లు తెగలేదు. మార్పు 71 తర్వాతే మొదలైంది, కోమన్, కమవింగా దిగాక. కమవింగా మిడ్‌ఫీల్డర్, అతన్ని లెఫ్ట్ బ్యాక్ వేశారు. బంతి పట్టుకుని నేరుగా ముందుకి వచ్చేస్తున్నాడు. కోమన్ కుడి పక్క. ఇద్దరికీ ఎదురు లేదు. కాబట్టి డెషాంప్ చేసిన మార్పుకి స్కలోనీ దగ్గర జవాబు లేదు. అదీ నాకు కనిపించింది. 71కీ 91కీ మధ్య స్కలోనీ ఒక్క మార్పు కూడా చేయలేదు, చూసుకోండి. 91లో మొంటియెల్, 102లో లౌతారో, మిడ్‌ఫీల్డర్ పరేడెస్. అవతల నలుగురు కొత్తవాళ్లు పరిగెత్తుతుంటే డి పాల్ కాళ్లు ఈడుస్తున్నాడు.

మాస్టారూ, డి మారియా అలిసిపోయాడన్న మీ మాట ఒప్పుకుంటున్నాను. నిజంగానే 62లో లైను పక్కన వంగి మోకాళ్లు పట్టుకున్నాడు, నిన్న నేను చూడలేదు. కానీ అకూన్యాని దింపిన మాట మాత్రం ఒప్పుకోను. ఆ కూండేకి భయం పెట్టేవాడు ఎవరో ఒకరు అక్కడ ఉండాల్సింది.

డ్రిల్ మాస్టారు
ఇప్పుడు దారిలోకి వచ్చావు. డి పాల్‌ని 75 దగ్గర తీసి పరేడెస్‌ని దింపాల్సింది. ఆ తప్పు స్కలోనీదే, నేనూ ఒప్పుకుంటాను.

వన్‌టౌన్ ఫ్రాన్స్
పరేడెస్‌ని దింపినా మా ఎంబాపే ఆగేవాడు కాదు మాస్టారూ.

డ్రిల్ మాస్టారు
ఆగేవాడు కాదు. కానీ బంతి అతనిదాకా వచ్చే దారి ఆగేది. రాబియోకి ఆ పాస్ వేయడానికి అంత తీరిక దొరికేది కాదు.

లెఫ్ట్‌వింగ్ పిల్ల
సాయంత్రం ప్రాక్టీసులో మా కోచ్‌ని ఇదే అడిగాను. ఆయన "డిబాలాని దింపాల్సింది" అన్నారు. 120 దాటాక కేవలం పెనాల్టీ కోసం దింపారు, నిబ్బరంగా మధ్యలోకి కొట్టాడు. ముందే దింపి ఉంటే బంతి పట్టి నిలబెట్టేవాడు కదా.

రైల్వే కాలనీ స్టాపర్
డిబాలా డిఫెన్స్‌కి వెనక్కి రాడు చెల్లీ. అప్పుడు టాగ్లియాఫికో ఒక్కడే అయిపోతాడు కోమన్ ముందు.

లెఫ్ట్‌వింగ్ పిల్ల
కోమన్‌కి వెనక కంగారు పుడితే కోమన్ ముందుకే రాడు అన్నా. నేను ఆడే చోటు అది, నాకు తెలుసు.

కృష్ణలంక కీపర్
బాబ్జీ, ఆ 64 నుంచి 81 ముక్క నాకు పంపు. రేపు నైట్ డ్యూటీ, మధ్యలో చూసి కూండే ఎన్నిసార్లు లైను దాటాడో లెక్క రాసి పెడతాను.